సముద్రం పేజీ వర్క్‌షాప్: పర్లేదు, కానీ మీ పుస్తకం మీరే తీస్కెళ్లండి

కొండాపూర్‌లో ఆదివారం ఆర్ట్ జర్నల్ (బొమ్మలు, రంగులతో నింపుకునే డైరీ) వర్క్‌షాప్‌కి వెళ్లా, సముద్రం థీమ్, మనకేమో ట్యాంక్‌బండే సముద్రం కదా. నీలం వాటర్‌కలర్ తడిగా ఉండగానే కల్లుప్పు చల్లమన్నారు, ఉప్పు రంగునీళ్లని లాగేసి చుట్టూ పువ్వుల్లా తెల్లమచ్చలొచ్చాయి, అచ్చం నురగే, నోరెళ్లబెట్టి చూస్తూ కూర్చున్నా. అలలకి టిష్యూ పేపర్ నలిపి ఫెవికాల్‌తో అంటించాం, ఒడ్డు దగ్గర జెస్సో (రంగులకి ముందు పూసే తెల్లటి చిక్కటి పూత) పూసి దాని మీద నేను వైజాగ్ నుంచి తెచ్చుకున్న ఇసక చల్లా. ఒక్కటే కోపం, 300 జీఎస్ఎం, అంటే బాగా మందం కాగితం అని చెప్పి పల్చటి జర్నల్ చేతిలో పెట్టారు, రంగు వెనక పేజీకి దిగిపోయింది, ఇదా ఇచ్చేది? పైగా పేజీ ఆరబెట్టుకోడానికి ఒకే హెయిర్ డ్రయ్యర్‌కి పదిమందిమి లైన్లో.