ఎల్వీ ప్రసాద్‌లో అమ్మ కంటిగడ్డ పరీక్ష: అయిదుకు అయిదు

అమ్మ కింది రెప్ప లాగి చూస్తే లోపల గులాబీ రంగులో మెత్తటి కండ. నొప్పి లేదు, నీరు కారదు. మా ఊళ్లో ఒక కంటి డాక్టరు ఎలర్జీ అని స్టెరాయిడ్ చుక్కలు, ఆనక మాత్రలు రాశారు. తగ్గింది. ఆపగానే మళ్లీ పెరిగింది. అప్పుడు బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. 1987 నుంచీ ఉన్నదే. దర్శకుడు ఎల్వీ ప్రసాద్ సినిమాలు చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి అమ్మకు ఆ పేరే సగం ధైర్యం. శుక్లాల ఆపరేషన్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాసేది కనురెప్పలు, కంటి చుట్టూ వచ్చే గడ్డలు చూసే ఓక్యులోప్లాస్టీ విభాగం గురించి.

అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది: "స్టెరాయిడ్ ఆపి ఎన్నాళ్లయింది?" లింఫోమా (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) అయినా స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు అణుగుతుందట. ఆ సమయంలో పరీక్షకు ముక్క తీస్తే (బయాప్సీ) రిపోర్టు తప్పుదోవ పట్టించవచ్చు.

"ఇంత చదివారు, చూస్తే తెలీదా డాక్టరమ్మా?" అంది అమ్మ.

"చూసి చెప్పగలిగితే సూది గుచ్చను కదమ్మా," అన్నారావిడ.

సీటీలో ఎముక చెక్కుచెదరలేదు, గడ్డ కనుగుడ్డును ఒరుసుకుని పరుచుకుంది. ఇంకేం, మంచిదేనని నేను సంబరపడబోయాను. లింఫోమా కూడా సాధారణంగా ఇలాగే ఎముక జోలికి పోకుండా ఒదిగి పెరుగుతుందని చెప్పారు. ఒకవేళ అదే అయినా ఈ చోట వచ్చేవాటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగే మాల్ట్ రకమనీ, రేడియేషన్‌కు బాగా లొంగుతాయనీ ముందే చెప్పబట్టి అమ్మ ఆ రాత్రి నిద్రపోయింది.

బయాప్సీకి ఆ కాస్త చోటే మత్తిచ్చారు, సాయంత్రానికి పంపించేశారు. వేరేచోట చేయించుకునేవాళ్లకు ఒక మాట: ముక్క మొత్తం పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసేస్తే, కణాలను విడివిడిగా చూసి ఏ రకమో చెప్పే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు పనికిరాదు. కొంత తాజాగా ఉంచుతారా అని ముందే అడగండి.

రిపోర్టు దగ్గర కూర్చోబెట్టి విడమరిచారు. మామూలు రంగులేసి చూస్తే లింఫోమాలోనూ, క్యాన్సర్ కాని ఇలాంటి గడ్డలోనూ కనిపించేది లింఫోసైట్ల గుంపే. అందుకే కణాల్లోని ప్రొటీన్లను గుర్తుపట్టే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష. గుంపంతా ఒకే కణం సంతానమైతే కప్పా, లాంబ్డా అనే ప్రొటీన్లలో ఏదో ఒకటే కనిపిస్తుంది, అది లింఫోమా వైపు చూపిస్తుంది. అమ్మకు రెండూ ఉన్నాయి, లింఫోసైట్లలో రెండు రకాలైన బీ కణాలూ టీ కణాలూ కలగలిసి ఉన్నాయి. రియాక్టివ్ లింఫాయిడ్ హైపర్‌ప్లేసియా, అంటే క్యాన్సర్ కాదు. అయినా ఆరు నెలలకోసారి రమ్మన్నారు. కొందరికి తర్వాతెప్పుడో, కంట్లోనో ఒంట్లో మరోచోటో లింఫోమా రావచ్చట. "బాగుందిగా, ఇంకెందుకు?" అని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది, వెళ్తూనే ఉంది.

వెళ్లేవాళ్లు తోడు మనిషిని తీసుకెళ్లండి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కాసేపు మసకగా ఉంటుంది. అదనపు పరీక్షలుంటే రిపోర్టు ఆలస్యమవుతుంది, కంగారు పడకండి. పాత మందుచీటీలు, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడిన తేదీలు ఉన్నవి, మర్చిపోకుండా సంచిలో వేసుకోండి.