ప్రవేశం ఎవరి హక్కు? వలసదారులపై రెండు వాదాలు

రాజనీతి తత్వవేత్త మైకేల్ వాల్జర్ 1983లో వాదించినదాని ప్రకారం, తనలోకి ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకునే అధికారం లేని సమాజానికి ఉమ్మడి జీవితమే నిలవదు. 1987లో మరో రాజనీతి తత్వవేత్త జోసెఫ్ కారెన్స్ దీనికి భిన్నమైన వాదన చేశారు: సంపన్న దేశపు పౌరసత్వం భూస్వామ్య కాలపు హోదా వంటిదని, అది పుట్టుకతో దక్కేదే తప్ప ఎవరూ కష్టపడి సంపాదించుకున్నది కాదని, కాబట్టి సరిహద్దులు సాధారణంగా తెరిచే ఉండాలని ఆయన అన్నారు.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 13వ అధికరణం ఏ దేశాన్నైనా విడిచి వెళ్ళే హక్కును గుర్తించింది గానీ, మరో దేశంలో అడుగుపెట్టే హక్కును ప్రస్తావించలేదు. కారెన్స్ వాదం ఈ వెలితిని సూటిగా పట్టి చూపుతుంది.

అయితే వాల్జర్‌ను కేవలం గోడల పక్షపాతిగా చూడటం అన్యాయం. పని కోసం రప్పించుకున్నవారికి పౌరసత్వానికి దారి చూపకపోతే, ప్రాచీన ఏథెన్స్‌లో ఓటు లేని పరదేశీయుల్లాగే వారూ శాశ్వతంగా పాలితులై మిగులుతారని ఆయన గట్టిగా చెప్పారు. తన పాస్‌పోర్టు పనిచ్చిన యజమాని బీరువాలో ఉండగా, జీతం అడిగితే వీసా పోతుందేమోనని నోరు మెదపని కార్మికుడికి తక్షణం అక్కరకొచ్చేది ఈ మాటే.

లోపలికి వచ్చినవారి విషయంలో నేను వాల్జర్‌తో ఏకీభవిస్తాను. గుమ్మం బయట నిలబడినవారి విషయంలో మాత్రం, పుట్టిన చోటునే అర్హతగా ఎంచడం ఎలా న్యాయమన్న కారెన్స్ ప్రశ్నకు వాల్జర్ వద్ద నాకు తృప్తినిచ్చే జవాబు దొరకలేదు.