రోటావైరస్ చుక్కల మందు: ఒక్క రకందా, ఐదు రకాలదా... ఏది మేలు?

మొన్న మా చెల్లెలు ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. పాపకు ఆరో వారం టీకాలు వేయించాలి. "అన్నయ్యా, సబ్ సెంటర్‌లో రోటా చుక్కలు ఫ్రీగానే వేస్తారంట. ఇక్కడ క్లినిక్‌లోనేమో డబ్బులు కడితే ఐదు రకాల వైరస్‌లకు పనిచేసేది వేస్తామంటున్నారు. ఒకటి కంటే ఐదు మంచిదే కదా?" అని అడిగింది. నేను మైక్రోబయాలజీ చదివానని ఇంట్లో వాళ్లకు ఇలాంటి టెన్షన్ వచ్చినప్పుడల్లా నాకే ఫోన్ వస్తుంది. ఆ రోజు ఫోన్‌లో అరగంట చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న చాలామంది అమ్మానాన్నలకు ఉంది.

ముందు ఈ "రకాలు" ఏంటో చూద్దాం. పసివాళ్లకు తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్, ఆమెతో పనిచేసినవాళ్లు కనుక్కున్నారు. మైక్రోస్కోపులో బండి చక్రంలా కనిపిస్తుంది, ఆ పేరు కూడా చక్రం నుంచే వచ్చింది. దాని జన్యుపదార్థం ఒకే దారంలా ఉండదు, 11 ముక్కలుగా ఉంటుంది. ఒకే పిల్లవాడి పేగులో రెండు రకాలు ఒకేసారి చేరితే పేకముక్కలు కలిపినట్టు ఈ ముక్కలు కలిసిపోయి కొత్త రకం పుట్టొచ్చు, అందులో ఆవు వైరస్ ముక్కలు కూడా చేరొచ్చు. వైరస్ పైపొర మీద ఉండే రెండు ప్రొటీన్లను బట్టి వీటికి పేర్లు పెడతారు, ఒకదానికి జి నంబరు, ఇంకోదానికి పి నంబరు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేవి జి1పి8, జి2పి4, జి3పి8, జి4పి8, జి9పి8, జి12 రకాలు. ఏ ఊళ్లో ఏ ఏడాది ఏది ఎక్కువ ఉంటుందో మారుతూనే ఉంటుంది.

ఇక టీకాలు. మన దేశంలో ప్రధానంగా నాలుగు పేర్లు వినిపిస్తాయి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసే రోటావ్యాక్‌లో ఒకే రకం ఉంటుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, వైరస్ సోకినా విరేచనాలు కాని నవజాత శిశువుల నుంచి తీసిన 116ఈ అనే రకం అది, జి9పి11. జీఎస్‌కే వాళ్ల రోటారిక్స్‌లో కూడా ఒకే రకం, జి1పి8, రెండు డోసులతో అయిపోతుంది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల రోటాసిల్‌లో ఆవు వైరస్‌కు మనిషి వైరస్ ముక్కలు కలిపి చేసిన ఐదు రకాలు ఉంటాయి, జి1, జి2, జి3, జి4, జి9. మెర్క్ వాళ్ల రొటాటెక్ కూడా అలా ఆవు వైరస్ మీద కట్టిన ఐదు రకాలదే. రోటారిక్స్ తప్ప మిగతా మూడింటికీ మూడేసి డోసులు. ఇందులో రోటావ్యాక్, రోటాసిల్ రెండూ ప్రభుత్వ కార్యక్రమంలో వాడారు. అంటే ఐదు రకాలది కావాలంటే డబ్బులు కట్టాలనే మాటే సరికాదు, ఫ్రీగా వచ్చేవాటిలో కూడా ఐదు రకాలది ఉంది.

సరే, ఐదు రకాలది ఎక్కువ కాపాడుతుందా? వినగానే అవుననిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ ఆస్ట్రేలియాలో జరిగింది చూడండి. 2007లో అక్కడ దేశమంతా టీకా మొదలుపెట్టినప్పుడు కొన్ని రాష్ట్రాలు ఒక్క రకం రోటారిక్స్ తీసుకున్నాయి, కొన్ని ఐదు రకాల రొటాటెక్ తీసుకున్నాయి. ఒకే దేశం, ఒకే తరహా వైద్యం, పక్కపక్క రాష్ట్రాలు, కాబట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. తర్వాతి ఏళ్లలో రోటారిక్స్ వాడిన చోట జి2పి4, రొటాటెక్ వాడిన చోట జి3పి8 ఎక్కువగా కనిపించాయి. అంటే ఏ టీకా వాడుతున్నామన్నది రకాల మీద ఎంతో కొంత ప్రభావం చూపిస్తుంది, అది నిజమే. కానీ ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య రెండు చోట్లా బాగా పడిపోయింది. 2017లో అన్ని రాష్ట్రాలూ ఒక్క రకం టీకాకే మారాయి. ఒక్క రకంతో పిల్లలను కాపాడలేమని అనుకుని ఉంటే ఆ పని చేసేవాళ్లు కాదు కదా. బ్రెజిల్‌లో 2006లో రోటారిక్స్ మొదలయ్యాక జి2పి4 విపరీతంగా పెరిగితే అందరూ టీకా వల్లే అనుకున్నారు, తీరా చూస్తే ఆ టీకా వేయని పొరుగు దేశాల్లో కూడా అదే కాలంలో అదే రకం పెరిగింది.

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం వెల్లూరులో ఉంది. సీఎంసీలో గగన్‌దీప్ కాంగ్ బృందం 373 మంది పసివాళ్లను పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా వెంట ఉండి గమనించింది. టీకా కాదు, మామూలుగా వైరస్ సోకితే ఎంత రక్షణ వస్తుందని చూశారు. మూడుసార్లు సోకిన తర్వాత కూడా ఒక మోస్తరు నుంచి తీవ్రమైన జబ్బు మీద 79 శాతం రక్షణే వచ్చింది. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకో మాట. అప్పట్లో ఎక్కువగా ఉన్న జి1పి8 ఒకసారి వచ్చి పోయిన పిల్లలకు మళ్లీ అదే రకం రాకుండా ప్రత్యేకమైన రక్షణేమీ కనిపించలేదు. ఒంట్లో వచ్చే రక్షణ రకం పేరు చూసుకుని పనిచేయడం లేదు, ఎన్నిసార్లు ఎదురైందన్నదే లెక్క. 116ఈ విషయంలోనూ ఇదే చూశాం. మన పిల్లల్లో జి9పి11 పెద్దగా తిరిగేది కాదు, అయినా ఆ టీకా జి1పి8, జి2పి4 లాంటి వేరే రకాల మీద కూడా పనిచేసింది.

మన దేశంలో టీకా వచ్చే ముందు చాలా ఏళ్లు జి1పి8దే రాజ్యం. 2016 తర్వాత జి3పి8 ముందుకొచ్చింది. టీకా వల్లే మారిందా, తనంతట తాను మారిందా అంటే, టీకా ఇంకా రాని చోట్ల కూడా జి3 పెరగడం కనిపించింది కాబట్టి నింద టీకా మీద వేయడం నాకు సబబుగా అనిపించదు. అయితే నిఘా మాత్రం ఆగకూడదు, ఏ రకం ఎక్కడ తిరుగుతోందో ఆసుపత్రుల్లో చూస్తూనే ఉండాలి.

శాతాల దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. రోటావ్యాక్ పరీక్ష ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పిల్లల మీద జరిగింది, తీవ్రమైన రోటా విరేచనాలను ఆపడంలో 53.6 శాతం సామర్థ్యం వచ్చింది. రోటాసిల్‌కు మన దేశంలో 36 శాతమే వచ్చింది, మరీ తీవ్రమైన కేసుల్లో అయితే 60 శాతం దాకా ఉంది, అదే టీకాకు ఆఫ్రికాలో నైజర్‌లో 66.7 శాతం వచ్చింది. రొటాటెక్ అమెరికా, ఫిన్లాండ్‌ల్లో 98 శాతం అని కరపత్రంలో చూసి "మనది సగమేనా" అనుకుంటారు. కానీ అదే రొటాటెక్ బంగ్లాదేశ్‌లో 42.7 శాతం, అదే రోటారిక్స్ మలావిలో 49.4 శాతం. టీకా మారలేదు, పిల్లలు పెరిగే చోటు మారింది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పోలియో చుక్కలతో పాటు వేయడం, పేగుల్లో ఎప్పుడూ ఉండే ఇన్ఫెక్షన్లు, పుట్టిన కొద్ది వారాల్లోనే వైరస్ తగలడం, ఇవన్నీ కలిసి నోటి ద్వారా వేసే టీకా బలాన్ని తగ్గిస్తాయి. కాబట్టి ఒక టీకా అమెరికా అంకెను ఇంకో టీకా వెల్లూరు అంకెతో పోల్చడం న్యాయం కాదు. రోటావ్యాక్, రోటాసిల్ అంకెలను కూడా అలా ముఖాముఖి పెట్టి ఇది గెలిచింది అనకూడదు, అవి వేర్వేరు పరీక్షలు.

53 శాతం అంటే తక్కువేమో అనిపిస్తే ఈ లెక్క చూడండి. టీకా రాకముందు మన దేశంలో రోటా వల్ల ఏటా సుమారు 78,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు చనిపోయేవారని, 8.7 లక్షల మంది ఆసుపత్రుల్లో చేరేవారని అంచనా. అందులో సగం ఆపగలిగితే ఎంతమందో! నేను చదువుకునే రోజుల్లో మా పక్కింటి బాబుకు తొమ్మిదో నెలలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పళ్లు వస్తున్నాయి, మామూలే అని రెండు రోజులు ఊరుకున్నారు. మూడో రోజుకు మాడు లోపలికి పోయి, ఏడ్చినా కన్నీళ్లు రాని స్థితికి వచ్చాడు. సెలైన్ ఎక్కించి బతికించారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. పళ్ల వల్ల విరేచనాలు అనే మాట ఇంట్లో ఎవరన్నా అంటే దయచేసి వినకండి, ఓఆర్ఎస్ కలపండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఫ్రీదా, డబ్బు పెట్టిందా అనేదానికి నా జవాబు సూటిగానే ఉంటుంది. ప్రభుత్వ చుక్కలే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లోనే మొదలైంది, దేశంలో ముందుగా తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి, 2019కల్లా అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. రోటావ్యాక్ అయితే అయిదు చుక్కలు, పసివాళ్లకు సులువు. రోటాసిల్ అయితే 2.5 ఎంఎల్, కాస్త ఓపిగ్గా పట్టాలి, కానీ దాని పొడి మందు 37 డిగ్రీల వేడికి కూడా తట్టుకుంటుంది, కరెంటు సరిగా ఉండని ఏజెన్సీ ఊళ్లకు అది చిన్న విషయం కాదు. డబ్బు పెట్టే వాటిలో నాకు కనిపించే ఒకే ఒక్క సౌకర్యం రోటారిక్స్‌కు రెండు డోసులే కావడం. మూడోసారి తీసుకెళ్లడం నిజంగా కుదరని వాళ్లకు అది పనికొస్తుంది. ఐదు రకాలు అన్న మాట కోసం మాత్రం అప్పు చేయొద్దు.

ఈ టీకా వేస్తే పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోతుందట కదా అని భయపడేవాళ్లూ ఉన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1998లో అమెరికాలో వచ్చిన రోటాషీల్డ్ అనే పాత టీకాను ఆ కారణంతోనే 1999లో ఆపేశారు. ఇప్పటి టీకాలు వేరు. మన దేశంలో రోటావ్యాక్ వేసిన పిల్లలను ఆసుపత్రుల్లో గమనిస్తే ఆ ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. అయినా ఏ టీకా వేయించినా బిడ్డ ఉండుండి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చినా, విరేచనంలో జెల్లీ లాంటి నెత్తురు కనిపించినా ఆలస్యం చేయకండి.

చెల్లెలికి రెండే చెప్పాను. 6, 10, 14 వారాలకు మూడు డోసులూ ఆలస్యం కాకుండా పడాలి, ఏ కంపెనీది వేశారో కార్డులో రాయించుకోవాలి. మధ్యలో కంపెనీ మారితే డోసు మానేయక్కర్లేదు, రోటావ్యాక్, రోటాసిల్ కలిపి వేసినా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు తగ్గలేదని మన దేశంలోనే పరీక్షించి చూశారు. బుధవారం సబ్ సెంటర్‌కు వెళ్లొచ్చింది. తర్వాతి తేదీ ఏఎన్ఎం గారు కార్డు మీద పెన్నుతో రాసిచ్చారట, దాన్ని ఫొటో తీసి నాకు పంపింది.