ఆరేళ్లుగా వాడుతున్న రాగి బిందె, సీసా, కడియం

ఆరేళ్ల కిందట ఒకే రోజు మూడు కొన్నాను: ఐదు లీటర్ల రాగి బిందె, లీటరు సీసా, చేతికి కడియం. బిందె ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. సీసా అటకెక్కింది.

బిందెలో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగుతాం. మొదటి వారం నాలుకకు లోహపు వగరు తగిలింది, తర్వాత అలవాటైపోయింది. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్లలో చాలా రకాల సూక్ష్మజీవులు చస్తాయి, అది నిజమే. కానీ ఫ్లోరైడు పోదు. నల్గొండ వైపు బంధువులు బిందె కొంటామన్నప్పుడల్లా ఈ మాటే చెబుతాను. తోమడం మాత్రం పెద్ద పనే. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే రెండు నిమిషాల్లో తళతళలాడుతుంది, నాలుగు రోజుల్లో మళ్లీ నల్లబడుతుంది.

సీసాతో నాకు బాగా బుద్ధి వచ్చింది. మూతి ఇరుకు, చెయ్యి పట్టదు, మెడ లోపల పచ్చటి చిలుము పేరుకుంది. ఒక మే నెలలో అందులో నిమ్మరసం పోసుకుని ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నానికి కడుపులో తిప్పి రెండు వాంతులయ్యాయి. పులుపు రాగిని కరిగిస్తుంది. కళాయి (తగరపు పూత) లేని రాగి గిన్నెలో మజ్జిగ పోస్తే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. ఆ కోపం వెనక ఇంత రసాయనశాస్త్రం ఉందని అప్పుడు తెలిసింది!

కడియం మణికట్టు నొప్పికని కొన్నాను. రెండు నెలల్లో నొప్పి తగ్గింది. అదే నెలలో కుర్చీ ఎత్తు కూడా మార్చాను కాబట్టి కడియాన్ని మెచ్చుకోలేను. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వారు రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న 70 మందితో చేసిన పరీక్షలోనూ (2013) రాగి కడియాల వల్ల చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. ఎండాకాలం చెమటకు చర్మం పచ్చబడుతుంది, సబ్బుతో కడిగితే పోతుంది. చూడటానికి బాగుందని ఇప్పటికీ తీయలేదు. అయినా 22 క్యారెట్ల గాజుల్లో బంగారం 91.6 శాతమే. మిగతాది ఎక్కువగా రాగి, వెండి. ఆ లెక్కన మా ఇంట్లో అందరూ రాగి వేసుకున్నవారే.

ఒంటికి రాగి కావాలనుకునేవారికి బిందె కన్నా నువ్వులు మేలు. పెద్దవారికి రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములు చాలు. 25 గ్రాముల నువ్వుల్లోనే దాదాపు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. జీడిపప్పు, శనగలు, కాలేయంలో కూడా దొరుకుతుంది.

బిందె కొంటే మాత్రం దుకాణంలోనే మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. అడుగు అందకపోతే అక్కడే వదిలేసి రండి.