సూర్యలంక నుంచి ఓడరేవు దాకా, మధ్యలో యాపిల్ అట్లు

మార్చి వచ్చిందంటే గుంటూరులో మిర్చి యార్డు వైపు రోడ్లన్నీ టిక్కీల (మిర్చి బస్తాల) లారీలతో నిండిపోతాయి. ఆ ఘాటు మా వీధి దాకా వస్తుంది. దానికి తోడు ఎండ. ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తారు, సాయంత్రం దాకా బయటికి పంపలేం. అందుకే ఈసారి ఉగాది పచ్చడి ఇంట్లో తిని, మర్నాడు పొద్దున్నే సముద్రం దగ్గరికి వెళ్లిపోదామని నెల ముందే అనుకున్నాం. మూడు రాత్రులు. మేమిద్దరం, మా అత్తయ్య గారు, పదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు.

అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. మామయ్య గారు పోయిన దగ్గర్నుంచి నీచు మానేశారు, గుడ్డు కూడా ముట్టరు. బాబు కారం తినడు. మాకు ఏ చోటు బాగుందో, ఏది బాగోలేదో తేల్చింది ఈ విషయాలే. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి సూర్యలంక మరో 9. చేబ్రోలులో కోనేటి మధ్యలో ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడి చూశాం. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన గుడి ఇది. బ్రహ్మకు గుళ్లు ఉండటమే అరుదు, అలాంటిది ఇంటికి ఇంత దగ్గర్లో ఉంచుకుని ఇన్నేళ్లూ చూడలేదే అని అత్తయ్య గారు బాధపడ్డారు. పొన్నూరులో ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని పది గంటలకల్లా బాపట్ల చేరాం. ఇంకాస్త ముందు బయల్దేరాల్సింది. తొమ్మిది దాటాక కారు అద్దం మీద ఎండ నేరుగా కొట్టింది.

మొదటి రాత్రికి సూర్యలంక దగ్గరే ఒక ప్రైవేటు రిసార్టు బుక్ చేశాం. పేరు రాయను. ఫొటోల్లో ఈతకొలను, సముద్రం కనిపించే గది ఉన్నాయి. వెళ్లి చూస్తే ఈతకొలను ఖాళీ చేసి కడుగుతున్నారు. సముద్రం కనిపించేది గదిలోంచి కాదు, మేడ మీది నుంచి. మాకిచ్చిన గది మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కింద గది కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను, సరే అన్నారు కూడా. అరగంట మాట్లాడితే వెనక వైపు కింద గది ఇచ్చారు. కుళాయి నీళ్లు ఉప్పగా ఉన్నాయి. తీరంలో బోరు నీళ్లు అలాగే ఉంటాయి, దానికి వాళ్లనేమీ అనను. కానీ తాగే నీళ్ల క్యాను అడిగినప్పుడల్లా ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. రాత్రి తొమ్మిదికి వంటగది మూసేశారు. బాబుకి పెరుగన్నం అడిగితే ఫ్రైడ్ రైస్ తప్ప ఏమీ మిగల్లేదన్నారు. అది నోట్లో పెట్టుకోగానే కారమని వాడు ఏడ్చాడు. ఆ రాత్రి వాడు బిస్కెట్లు తిని పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

దాంతో పోలిస్తే రెండేళ్ల క్రితం పర్యాటక శాఖ వారి హరిత రిసార్టులో ఉన్నప్పుడే నయం. సముద్రం నాలుగడుగుల దూరం. అత్తయ్య గారు కుర్చీ వేసుకుని కూర్చుని అలలు చూశారు. అక్కడ గది కావాలంటే శని, ఆదివారాలు వదిలేసి, బాగా ముందుగా బుక్ చేసుకోవాలి. మేం ఈసారి ఆలస్యం చేశాం.

సూర్యలంక ఒడ్డు మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఇసుక వెడల్పుగా, చదునుగా పరుచుకుని ఉంటుంది. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లాలి. పగలంతా నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంటే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. మన పెద్దవాళ్లు పైరగాలి అనేది దాన్నే. ఉక్కలో ఉడికిన ఒళ్లు ఆ గాలికి ఒక్కసారిగా తేలికపడుతుంది.

నీళ్ల సంగతి గట్టిగా చెప్పాలి. ఈ తీరంలో మునిగిపోయినవాళ్ల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతున్నాం, ఎక్కువమంది కాలేజీ పిల్లలే. నడుము లోతే కదా అని ముందుకు వెళ్తే, వెనక్కి మళ్లే నీరు కాళ్ల కింది ఇసుకని లాగేస్తుంది. కొన్నిచోట్ల ఆ నీరంతా ఒకే పాయగా సముద్రంలోకి పరుగెడుతుంది. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకి రావాలి. మేం పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు. పోలీసులు, గజ ఈతగాళ్లు ఉన్న వైపే ఉన్నాం.

మర్నాడు తెల్లవారుజామున ఇంకో భాగ్యం దక్కింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో నూరు పైచిలుకు గుడ్లు ఉంటాయి, పిల్లలు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. కుక్కలు, నక్కలు తినకుండా అటవీ శాఖ వారు గుడ్లను కంచె లోపల పొదిగిస్తారు. మేం ఒడ్డు వెంట నడుస్తుంటే గంపలో తెచ్చి వదులుతున్నారు. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు. ఎటు వెలుతురు కనిపిస్తే అటు నడుస్తాయట, అందుకే ఫోన్ లైట్లు ఆర్పేయమన్నారు. మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చేసి, చివరి పిల్ల నీళ్లలో కలిసేదాకా కదల్లేదు. బాబు ఒక్కోదానికి "టాటా" చెప్పాడు. రిసార్టు మీది కోపమంతా నాకు అక్కడే పోయింది.

శనివారం పదింటికి గది ఖాళీ చేసి చీరాల వైపు వెళ్లాం. మా ఆడపడుచు విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చీరాలలో దిగి, మాతో కలిసింది. కారు లేనివాళ్లకి అదే సుఖం. తెనాలి, బాపట్ల, చీరాల మూడు చోట్లా ఆ బండి ఆగుతుంది. స్టేషన్ నుంచి ఓడరేవు అనే సముద్రపు ఊరికి ఆటోలు దొరుకుతాయి.

ఓడరేవు, రామాపురం పక్కపక్కనే ఉంటాయి. రామాపురం వైపు పెద్ద రిసార్టులు ఉన్నాయి. మేం మాత్రం తెలిసినవాళ్ల ద్వారా సరుగుడు తోట పక్కన ఒక ఇల్లు తీసుకున్నాం. రెండు గదులు, వరండా, వంటగది, రోజుకి 5,000. సముద్రం కనిపించదు, ఐదు నిమిషాలు నడవాలి. టీవీ లేదు. మెట్లు అసలే లేవు, బాత్రూమ్‌లో నేల జారకుండా గరుకు బండలు వేశారు. చూసుకునే ఆవిడ పక్కనే ఉంటుంది. మేం వెళ్లేసరికి కుండలో నీళ్లు పోసి, స్టవ్ తుడిచి, గ్యాస్ చూసి పెట్టింది. వంటగది తలుపు తీసి ఇనప పెనం, అట్లకాడ చూడగానే నా టెన్షన్ సగం తగ్గింది.

యాపిల్ పాన్‌కేకులు చేయమని అమ్మాయి ఎప్పట్నుంచో అడుగుతోంది. అందుకే గుంటూరులోనే పొడి సరుకంతా కలిపి ఒక డబ్బాలో పోసుకొచ్చాను: ఒక కప్పు మైదా, ఒక కప్పు గోధుమపిండి, మూడు చెంచాల బేకింగ్ పౌడర్, రెండు పెద్ద చెంచాల పంచదార, అర చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు. దారిలో తినడానికని కొన్న యాపిల్స్ కారు వేడికి మెత్తబడి ఉన్నాయి. కశ్మీర్, హిమాచల్ కాయ కోతకొచ్చేది ఆగస్టు నుంచి నవంబరు దాకా. మార్చిలో మనకి దొరికేది చాలావరకు కోల్డ్ స్టోరేజీ కాయ, లేదంటే బయటి దేశాల నుంచి వచ్చింది. కొరికితే పిండి పిండిగా ఉంటుందని పిల్లలు వదిలేస్తారు. అట్లలోకి అదే బాగా కలిసిపోతుంది.

ఆదివారం పొద్దున గాలి ఎక్కువగా ఉంది, ఒడ్డుకి వెళ్లలేదు. వంట మొదలుపెట్టాను. ఒక యాపిల్ తురిమి, రెండోది గింజలు తీసి పలచటి చక్రాలుగా కోసి, నల్లబడకుండా నిమ్మరసం చల్లాను. మాకు సగం పొడిలో ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, చెంచా కరిగిన వెన్న. అత్తయ్య గారి కోసం వేరే గిన్నె, వేరే గరిటె, గుడ్డు బదులు కాస్త పుల్లబడ్డ పెరుగు, చిటికెడు వంట సోడా. పెరుగు పులుపుకి సోడా పొంగి అట్టు గుల్లగా వస్తుంది. పిండి ఎక్కువ కలపకూడదు. చిన్న చిన్న ఉండలు కనిపించినా అక్కడే ఆపేయాలి. చిలికినట్టు కలిపితే సాగి, అట్టు తోలులా అవుతుంది. తురుము వేసి పది నిమిషాలు పక్కన పెట్టాను.

పెనం మీద ముందు వేసినవి అత్తయ్య గారివి. నెయ్యి రాసి, సన్నని సెగ మీద గరిటెడు పిండి ఊతప్పం మందాన పోసి, పైన ఒక యాపిల్ చక్రం ఉంచాలి. ఇనప పెనానికి పంచదార త్వరగా మాడుతుంది, సెగ పెంచితే అడుగు నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొదటిది నాకు అలాగే అయింది. అంచుల్లో బుడగలు పగిలి, గుంటలు పూడకుండా నిలబడితే తిప్పాలి. చక్రం ఉన్న వైపు పెనానికి తగిలి, ఆ యాపిల్ ఎర్రగా వేగి, దాల్చినచెక్క వాసన వరండా దాకా వెళ్లింది. కునుకు తీస్తున్న మా వారు లేచి వచ్చారు.

"ఇది మన బెల్లం అట్టేగా అమ్మాయ్, కాస్త మందం, అంతే," అన్నారు అత్తయ్య గారు. తేనె సీసా పక్కన పెట్టించి, తనే స్టవ్ దగ్గర నిలబడి బెల్లం లేతపాకం పట్టి, యాలకులు దంచి వేశారు. కాళ్లు నొప్పులని ఇంట్లో వంటగదిలోకి రావడం తగ్గించిన మనిషి. ఆ పాకం తేనె కంటే చాలా బాగుంది. బాబు నాలుగు తిన్నాడు. రెండు రోజులుగా వాడు కడుపు నిండా తిన్నది అదే మొదటిసారి.

మధ్యాహ్నం దాకా మా వారు, ఆడపడుచు ఓడరేవు ఒడ్డుకి వెళ్లి పడవల దగ్గర చేపలు కొన్నారు. వేట నుంచి పడవ రాగానే అక్కడే వేలం పాట పెడతారు. పాటలో పాడినవాళ్ల దగ్గరే మనం విడిగా కొనుక్కోవచ్చు. చందువలు, కాసిని రొయ్యలు తెచ్చారు. శుభ్రం చేసి ఇచ్చేవాళ్లు కూడా అక్కడే ఉంటారు, వాళ్లకి వేరే ఇవ్వాలి.

తిరుగు ప్రయాణంలో వేటపాలెం వెళ్లాం. సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు అంత జాగ్రత్తగా దాచిన చోటు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. ఊళ్లో జీడిపప్పు కిలో కొన్నాం, తాజాగా, తియ్యగా ఉంది. ఒకప్పటి రేవు మోటుపల్లి పది నిమిషాలు మాత్రమే చూశాం, ఎండకి అత్తయ్య గారు కారు దిగలేదు. కాకతి గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించింది అక్కడే. తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. తను అలా చేయననీ, సుంకం మాత్రం తీసుకుంటాననీ ఆయన వర్తకులకి మాట ఇచ్చాడు. అంతకు రెండు రోజుల ముందే ఒడ్డున తాబేళ్లను చూసిన మా అమ్మాయి, "అయితే అప్పుడు ఓడలకి కూడా కంచె కట్టారన్నమాట," అంది.

ఇంకోసారి వెళ్తే సూర్యలంకకి తెల్లవారుజామున చేరేలా వెళ్లి, ఎండెక్కేలోపు ఓడరేవు ఇంటికి వచ్చేస్తాం, రాత్రులన్నీ అక్కడే. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు అడగండి: గది కింద ఉందా, వంటగది వాడుకోనిస్తారా, తాగే నీళ్లు ఎవరు తెస్తారు. ఒప్పుకున్నవి మెసేజ్‌లో రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

బయల్దేరేటప్పుడు డబ్బాలో మిగిలిన పొడి ఇల్లు చూసుకునే ఆవిడకి ఇచ్చి, ఎలా కలపాలో చెప్పాను. ఆవిడ వారం తర్వాత ఫోన్ చేసింది. "యాపిల్ రేటు మండిపోతోందమ్మా, అరటిపండు మెదిపి వేశాను. పిల్లలు ఒక్కటి మిగల్చలేదు. ఆ పొడి ఎంతెంత కలపాలో మళ్లీ ఒకసారి చెప్పండి," అంది. మా అమ్మాయి కాగితం మీద కొలతలు రాసి, ఫొటో తీసి పంపించింది.