70 ఎంఎం టెలిస్కోప్: పత్తి చేను గట్టు మీద శని

ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలు పెట్టి తెప్పించుకున్న టెలిస్కోప్ ఇది. 70 ఎంఎం అంటే ముందుండే లెన్స్ వెడల్పు. 2025 శివరాత్రి జాగారం నాడు హన్మకొండలో మా డాబా మీదే గురుడి పక్కన నాలుగు చుక్కలు దొరికాయి. 1610లో గెలీలియో చూసిన చంద్రులే అవి! వీధిలైట్ల వెలుతురుకు అంతకుమించి పెద్దగా ఏమీ కనిపించలేదు.

అసలు పండుగ నవంబరులో, పరకాల దగ్గర మా పత్తి చేను గట్టు మీద. 25 ఎంఎం ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) శనిని పట్టుకుని, దాని బదులు 10 ఎంఎంది పెట్టాను. అది 70 రెట్లు పెద్దగా చూపిస్తుంది. చిన్న పసుపు గోళం, నిమ్మకాయకు సూది గుచ్చినట్టు అడ్డంగా సన్నటి గీత. ఆ ఏడాది శని ఉంగరాలు మనకు దాదాపు అంచు వైపు తిరిగి ఉన్నాయి. సుమారు 15 ఏళ్లకోసారి అలా వస్తుంది. నానమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "గీత గీసినట్టున్నది బిడ్డా" అన్నది. తర్వాత తనే పిల్లలకోడిని చూపెట్టమన్నది. కృత్తికలను ఆమె అట్లనే పిలుస్తుంది. మామూలు కంటికి ఆరో ఏడో కనిపించే చుక్కలు ఇందులో పదుల కొద్దీ, తెల్లగా, కొంచెం నీలంగా మెరిశాయి. నాకు ఒళ్లు జలదరించింది.

స్టాండ్ మాత్రం బాగాలేదు. ముట్టుకుంటే చాలు, శని ఊగిపోతాడు. స్టాండ్ మధ్యలో రెండు కిలోల ఇసుక సంచి వేలాడదీశాక కుదురుకుంది. టెలిస్కోప్‌తో పాటు ఇచ్చిన 3ఎక్స్ బార్లో లెన్స్‌లో (బొమ్మను ఇంకో మూడు రెట్లు పెంచేది) అంతా మసకే, తీసి పక్కన పెట్టాను. అయినా మొదటి టెలిస్కోప్‌గా ధైర్యంగా కొనండి, అమావాస్య దగ్గర్లో ఊరికి తీసుకెళ్లండి.