జేబుకు చిల్లు పడకుండా లండన్‌లో తిండి: పేట పబ్బులు, పాత కేఫులు, దోసెల వీధులు

లండన్ వెళ్తున్నాం అనగానే మా చుట్టాల్లో ఒక్కరు కూడా తిండి గురించి భయపెట్టకుండా వదల్లేదు. ఒక పూట బయట తింటే మనకి నెల సరుకులొస్తాయట, రుచీ పచీ ఉండదట, కాబట్టి పొడులూ పచ్చళ్లూ ఒక సూట్‌కేసు నిండా పట్టుకెళ్లాలట. ఖర్చు సంగతిలో సగం నిజముంది. లెస్టర్ స్క్వేర్, పికడిల్లీ, బిగ్ బెన్ పరిసరాల్లో ఫొటోల మెనూ గుమ్మం బయట పెట్టిన హోటళ్లలో కూర్చుంటే నిజంగానే ఏడుపొస్తుంది. కానీ అక్కడి జనం రోజూ తినేది ఆ హోటళ్లలో కాదు కదా. కొన్నాళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటే, ఈ ఊళ్లో వంటకన్నా వడ్డనకి ఎక్కువ పోతుంది. ఎవరో వచ్చి కుర్చీ లాగి, నీళ్లు పోసి, ప్లేటు ముందు పెట్టే చోట బిల్లు ఎక్కడికో వెళ్లిపోతుంది. మనమే లేచి వెళ్లి చెప్పుకుని, మన గ్లాసు మనమే తెచ్చుకునే చోట మామూలు మనుషులు తినగలిగే ధరలుంటాయి. పబ్బు, పాత కేఫు, బేగెల్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె) కొట్టు అన్నీ ఆ రెండో రకమే.

పబ్బు అంటే మనవాళ్లకి చీకటి, డీజే, గుమ్మం దగ్గర బౌన్సర్లు గుర్తొస్తారు. అక్కడి పేట పబ్బులో పెద్దాయన ఒకడు పేపరు చదువుతూ ఉంటాడు, బల్ల కింద కుక్క పడుకుని ఉంటుంది, పక్క బల్ల మీద పసిపిల్లకి ఎవరో చిప్స్ (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) తినిపిస్తుంటారు. పెద్దవాళ్లతో పాటు పిల్లల్ని చాలా చోట్ల రానిస్తారు, కొన్ని పబ్బుల్లో మాత్రం సాయంత్రం ఒక టైం దాటాక వద్దంటారు, అది గోడ మీద రాసే ఉంటుంది. 2007 జులై నుంచి లోపల సిగరెట్ నిషేధం, కాబట్టి పొగ గొడవ లేదు, కాల్చేవాళ్లంతా గుమ్మం బయట ఫుట్‌పాత్ మీద ఉంటారు. తాగనివాళ్లు వెళ్తే ఎవరూ వింతగా చూడరు. మా ఆవిడ వెళ్లిన ప్రతిచోటా లైమ్ సోడా చెప్పింది, అక్కడ దొరికేవాటిలో అదే చవక. మంచినీళ్లకైతే డబ్బే లేదు, మద్యం లైసెన్సు ఉన్న చోట అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో రూలుంది, "ట్యాప్ వాటర్" అని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు.

మొదటి రోజు మేం బల్ల దగ్గర కూర్చుని వెయిటర్ కోసం అటూ ఇటూ చూస్తుంటే బావగారు నవ్వి, "బామ్మర్దీ, ఇక్కడ చెయ్యెత్తితే ఎవరూ రారు, లే, బల్ల నంబరు చూసుకుని కౌంటర్‌కి పద" అన్నారు. పద్ధతి అంతే. బార్ దగ్గరికి వెళ్లి నంబరు చెప్పి, కావల్సింది చెప్పి, అప్పుడే కార్డు ఆనించి డబ్బు కట్టేయాలి. డ్రింకు మనం మోసుకొచ్చుకుంటాం, తిండి మాత్రం వాళ్లు తెస్తారు. బార్ దగ్గర వరస కనిపించదు గానీ ఎవరు ముందొచ్చారో లోపలున్నవాళ్లకి బాగా గుర్తుంటుంది, పక్కవాడు కూడా "వాళ్లు నాకన్నా ముందొచ్చారు" అని మనల్ని చూపిస్తాడు. అది నాకు భలే నచ్చింది.

బీరు ధర మాత్రం తక్కువేం కాదు. ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్లు, లండన్‌లో ఆరేడు పౌండ్ల దాకా పోతుంది. రెండు పింట్లు తాగితే ఒక ప్లేటు భోజనం డబ్బు అక్కడే అయిపోయినట్టు. హాఫ్ పింటు అడగడం నామోషీ ఏం కాదు, చాలామంది అదే తాగుతారు. పేట పబ్బుల్లో ఫిష్ అండ్ చిప్స్, "పై" (పిండి పొరలో కూరిన మాంసమో కూరో పెట్టి ఓవెన్‌లో కాల్చేది), బర్గర్ లాంటివి పదిహేను నుంచి ఇరవై పౌండ్ల మధ్య ఉంటాయి, ప్లేటు పెద్దది, చిన్నపిల్లతో పంచుకోవచ్చు. బీఫ్ తిననివాళ్లు "పై" అన్న పేరు చూసి మోసపోకండి, చెప్పకపోతే అందులో చాలాసార్లు ఉండేది బీఫే. చిప్స్ విషయంలో కూడా అడగాలి, కొన్ని చోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు. అడిగితే విసుక్కోకుండా చెప్తారు, ఎందుకంటే పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగినవాళ్లకి వివరం ఇవ్వడం అక్కడ చట్టం, వాళ్లకి ఆ ప్రశ్నలు రోజూ అలవాటే.

ఇంకో ముఖ్యమైన సంగతి వంటగది టైం. పబ్బు రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది, కిచెన్ మాత్రం తొమ్మిది, తొమ్మిదిన్నరకే కట్టేస్తారు, కొన్ని చోట్ల మధ్యాహ్నం మూడు తర్వాత సాయంత్రం దాకా వంటే ఉండదు. మన అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకి తీరిగ్గా భోజనానికి వెళ్తే దొరికేది వేరుశనగలూ, క్రిస్ప్స్ (మన ఆలూ చిప్స్) ప్యాకెట్టూ.

చైన్ పబ్బుల్లో అందరూ చెప్పే పేరు వెదర్‌స్పూన్. 1979లో టిమ్ మార్టిన్ అనే ఆయన ఉత్తర లండన్‌లోని మజ్‌వెల్ హిల్‌లో మొదటిది పెట్టాడు, ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. పాత బ్యాంకులు, పాత సినిమా హాళ్లు తీసుకుని పబ్బులుగా మార్చడం వాళ్ల అలవాటు, ఒక్కో దాంట్లో ఒక్కో రకం కార్పెట్ వేయిస్తారు, సరదాకి వాటి ఫొటోలు తీసేవాళ్లు కూడా ఉన్నారు. మామూలుగా పాటలుండవు, కాబట్టి మాట్లాడుకోవచ్చు. యాప్‌లో బల్ల నంబరు కొట్టి ఆర్డరిస్తే అన్నీ బల్ల దగ్గరికే వస్తాయి, చాలా ప్లేట్ల ధరలో ఒక డ్రింకు కలిసే ఉంటుంది. నలుగురు కుటుంబంగా వెళ్లి లెక్క చూసుకుంటే లండన్‌లో కూర్చుని తినే చోట్లలో ఇంత తక్కువకి మాకు ఇంకెక్కడా తేలలేదు. వంట గొప్పదని వెళ్లకండి, ఎక్కడ తిన్నా ఒకటే రుచి, అది కొందరికి లోపం, అలసిపోయిన సాయంత్రం నాకైతే అదే సుఖం. అక్కడ కూరల మెనూ కూడా ఉంటుంది గానీ మనం వాటి జోలికి పోవాల్సిన పని లేదు.

నాకు మనసుకి పట్టినవి మాత్రం శామ్యూల్ స్మిత్ పబ్బులు. ఇది యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్‌కి చెందిన పాత బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కంపెనీ, 1758 నాటిది. వాళ్ల పబ్బుల్లో వాళ్ల సొంత సరుకే అమ్ముతారు, టీవీ లేదు, సంగీతం లేదు. హోబర్న్ దగ్గర ప్రిన్సెస్ లూయిస్‌లోకి వెళ్లండి, విక్టోరియా కాలం నాటి చెక్కుడు గాజు అద్దాలు, రంగు పలకలు, చెక్కతో విడగొట్టిన చిన్న చిన్న గదులు, మ్యూజియం టికెట్టు కొన్నా అంత దగ్గరగా కూర్చోనివ్వరు. ఫ్లీట్ స్ట్రీట్‌లో యే ఓల్డ్ చెషైర్ చీజ్ కూడా వీళ్లదే. 1666లో లండన్ తగలబడ్డాక 1667లో మళ్లీ కట్టిన భవనం, లోపల కిటికీలు తక్కువ, మెట్లు దిగుతూ పోతుంటే నేలమాళిగలు వస్తూనే ఉంటాయి, పొడుగువాళ్లు తల వంచుకోవాల్సిందే. భోజనం ఇంకెక్కడైనా చేసుకుని, ఇక్కడ హాఫ్ పింటో, జ్యూసో తీసుకుని అరగంట కూర్చోవడం నా సలహా.

ఆదివారం రోస్ట్ గురించి రాయకపోతే బావగారు ఊరుకోరు. మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిపోయేదాకా పెడతారు. చికెన్, బీఫ్, పంది, గొర్రె మాంసాల్లో ఏదో ఒకటి, కాల్చిన బంగాళాదుంపలు, క్యారెట్లు, యార్క్‌షైర్ పుడ్డింగు, పైన గ్రేవీ. ఆ పుడ్డింగు తీపి కాదు, మైదా, గుడ్డు, పాలు కలిపిన పిండిని ఓవెన్‌లో పొంగించిన దొప్ప. శాకాహారులకి జీడిపప్పు లాంటి పలుకులతో చేసే నట్ రోస్ట్ ఉంటుంది, గ్రేవీ కూడా వెజిటేరియన్‌దేనా అని అడిగి తీరాలి. ధర పద్దెనిమిది నుంచి పాతిక పౌండ్ల దాకా, పేరున్న పబ్బులో ముందే బుక్ చేసుకోకపోతే బల్ల దొరకదు. చికెన్ రోస్ట్ నాకు నచ్చింది, గ్రేవీలో నానిన ఆ దొప్ప ఇంకా నచ్చింది. మా ఆవిడ మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కందిపొడి చిన్న సీసా తీసి బంగాళాదుంపల మీద చల్లుకుంది, పక్క బల్ల ఆవిడ వచ్చి అదేమిటని అడిగి తనూ కొంచెం వేయించుకుంది. ఒకసారి తినాలి, ప్రతి ఆదివారం అక్కర్లేదు.

ఇక బిల్లులో అసలు తలనొప్పి సర్వీస్ చార్జీ. బల్ల దగ్గర వడ్డించే రెస్టారెంట్లలో సాధారణంగా పన్నెండున్నర శాతం కలిపేస్తారు, పక్కన చిన్న అక్షరాల్లో "ఐచ్ఛికం" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. వద్దంటే తీసేస్తారు, గొడవ పడక్కర్లేదు. థేమ్స్ ఒడ్డున ఒక రెస్టారెంట్‌లో ఆ చార్జీ వేసి, మళ్లీ కార్డు మెషీన్‌లో టిప్పు ఎంతిస్తారని అడిగారు. మొదటిది ఇచ్చి రెండోది సున్నా నొక్కి వచ్చాం, వడ్డించిన కుర్రాడు కూడా ఏమీ అనుకోలేదు. 2024 అక్టోబర్ నుంచి టిప్పులు, సర్వీస్ చార్జీలు పూర్తిగా పనివాళ్లకే చేరాలని చట్టం వచ్చింది, కాబట్టి బాగా చూసుకున్నచోట ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. పబ్బులో కౌంటర్ దగ్గర చెప్పుకుంటే మామూలుగా ఇది పడదు. ఈ మధ్య కొన్ని పబ్బుల్లో బల్ల మీది క్యూఆర్ కోడ్‌తో ఆర్డరిస్తే కలుపుతున్నారు, చూసుకోండి. మెనూలో రాసిన ధరలో ఇరవై శాతం వ్యాట్ ముందే కలిసి ఉంటుంది, చివర్లో జీఎస్టీ లాగా మళ్లీ తగిలించరు. శాండ్‌విచ్ కొట్లలో మాత్రం ఒకే వస్తువుకి రెండు ధరలు కనిపిస్తాయి, చల్లటి తిండి పట్టుకెళ్తే చాలావాటికి పన్ను లేదు, అక్కడే కూర్చుంటే ఉంది. ఎండ కాసిన రోజున పార్కు బెంచీ ఉండగా లోపల కూర్చోవడం దండగ.

పొద్దున పూట పాత కేఫులకి వెళ్లండి. పిమ్లికోలో రీజెన్సీ కేఫ్ 1946 నుంచి ఉంది, బెత్నాల్ గ్రీన్‌లో ఇ. పెల్లిచ్చి 1900 నుంచి, అది ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం నడిపేది, లోపలి చెక్క పని వల్ల ఆ కొట్టుకి వారసత్వ కట్టడం హోదా కూడా ఉంది. రీజెన్సీలో కౌంటర్ దగ్గర చెప్పి కూర్చుంటే మన ప్లేటు తయారవగానే హాలంతా దద్దరిల్లేలా కేకేస్తారు. గుడ్లు, బీన్స్, టోస్టు, పుట్టగొడుగులు, టమాటా, టీ చెప్పుకోండి. సాసేజీ, బేకన్ మామూలుగా పంది మాంసం, బ్లాక్ పుడ్డింగు రక్తంతో చేస్తారు, వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. పదిన్నరకి ఇది తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు, ఒక పూట ఖర్చు మిగిలినట్టే.

తూర్పు వైపు బ్రిక్ లేన్‌లో బేగెల్ బేక్ రోజంతా, రాత్రంతా తెరిచి ఉంటుంది. సాల్ట్ బీఫ్‌కి పేరు, తిననివాళ్లు సాల్మన్, క్రీమ్ చీజ్ పెట్టించుకోవచ్చు, నిలబడే తినాలి. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, వైట్‌చాపెల్‌లో, 1972 నాటి తయ్యబ్స్ ఉంది, పంజాబీ వంట, ఇనప పెనం మీద చిటపటలాడుతూ వచ్చే గొర్రె చాప్స్ కోసం జనం వరస కడతారు. హలాల్ కాబట్టి మద్యం అమ్మరు, కావాలంటే మనదే తెచ్చుకోవచ్చు, అందువల్లే నలుగురు తిన్నా బిల్లు హద్దులో ఉంటుంది. గోల మాత్రం గోలే, ముసలివాళ్లతో వెళ్తే మధ్యాహ్నం వెళ్లండి. యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్ శాకాహారులకి దిక్కు, దివానా భేల్ పూరీ హౌస్ లాంటి పాత చోట్లున్నాయి, రైలుకి ముందు కడుపు నింపుకోవడానికి సరిపోతుంది.

దోసె మీద మనసు పోతే టూటింగ్, ఈస్ట్ హామ్ అనే పేటలున్నాయి, రెండూ చూశాం. టూటింగ్‌లో తమిళ, కేరళ, శ్రీలంక హోటళ్లు పక్కపక్కనే, పెనం మీద కొత్తు పరోటా కొట్టే చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ నార్త్ ఇంకా చవక, బోర్డుల మీద తెలుగు పేర్లూ కనపడతాయి, కారం కూడా తగ్గించరు. రకాలు కావాలంటే టూటింగ్, కడుపు నిండా అన్నం, పప్పు, వేపుడు కావాలంటే ఈస్ట్ హామ్. సౌతాల్‌లో పంజాబీ పబ్బులుంటాయి, పింటుతో పాటు తందూరీ పెడతారు, ఒకప్పుడు అక్కడి గ్లాసీ జంక్షన్ అనే పబ్బు మన రూపాయలు కూడా తీసుకునేది, ఇప్పుడు లేదు. సౌతాల్ నుంచి వైట్‌చాపెల్ దాకా ఎలిజబెత్ లైన్ ఒకటే రైలు, కాబట్టి ఒకే రోజున రెండూ పెట్టుకోవచ్చు. ఇస్లింగ్టన్‌లో 2022లో మొదలైన తమిళ్ ప్రిన్స్ కూడా ఇలాంటిదే, పాత పబ్బులో దక్షిణాది వంట, బాగుంటుంది కానీ చవక లెక్కలో రాదు.

కొత్త చోటికి వెళ్లేముందు గుమ్మం మీద ఆకుపచ్చ, నలుపు రంగుల స్టిక్కర్ చూడండి, శుభ్రతకి సున్నా నుంచి అయిదు దాకా మార్కులుంటాయి. ఇంగ్లండ్‌లో దాన్ని అతికించడం తప్పనిసరి కాదు, అతికించకపోతే ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. నేను నాలుగుకి తక్కువ ఉంటే లోపలికి వెళ్లలేదు. బస్సులో వెళ్లండి, కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ, నోట్లూ చిల్లరా తీసుకోరు.

క్రిస్మస్‌కి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. డిసెంబర్ 25న ట్యూబూ (అక్కడి మెట్రో రైలు), సిటీ బస్సులూ నడవవు, తెరిచిన పబ్బుల్లో నెలల ముందు బుక్ చేసుకున్నవాళ్లే ఉంటారు, ధరలూ ఆ రోజుకి వేరు. బస మాత్రం వైట్‌చాపెల్‌కో టూటింగ్‌కో నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోండి, ఫలానా హోటల్ ఆ రోజు తెరుస్తారో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి.